డోలన్ గారి ఎరల పెట్టె

ఆ శనివారం పొద్దున హరనాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బాసు డోలన్ గారి ఎరల పెట్టె కడిగేసి, తీరిగ్గా కాఫీ తాగాలి. అది 1982. అమెరికాలోని నోవైలో అతను పనిచేసే కారు బ్రేకుల కంపెనీలో వారానికి ఇద్దరి చొప్పున ఇంటికి పంపేస్తున్నారు. "ఆదివారం వైస్ ప్రెసిడెంట్‌తో ఫిషింగ్. ఎరలేమో తుప్పు పడుతున్నాయి" అని డోలన్ నిట్టూర్చగానే, "నేను క్లీన్ చేస్తాను సార్!" అని ఎగిరి గంతేశాడు. పుట్టి బుద్ధెరిగాక చేపని ముట్టుకున్న పాపాన పోలేదు మహానుభావుడు.

పెట్టె మూత తీయగానే వంటిల్లు గుప్పుమంది.

"ఏవండీ, ఇందులో ఏదో చచ్చింది!" అంది వసుమతి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

"చావలేదే. ఇవి ఉత్తుత్తి చేపలు. ప్లాస్టిక్."

"ప్లాస్టిక్‌కి ఇంత కంపా? ఎన్నేళ్లయిందో కడిగి, పాపం!"

కంపు ఉందంటే మురికి ఉన్నట్టే కదా అనుకున్నాడు హరనాథ్. వసుమతి బంగారానికి తప్ప తీయని కుంకుడుకాయలు తీసి రసం పిండింది. ఎరలకున్న ఇత్తడి రేకుల్ని చింతపండుతో తళతళా తోమింది. అయినా వాసన వదలకపోతే సాంబ్రాణి వేసింది. ఆ పొగకి ఇంటి కప్పుకి బిగించిన పొగ అలారం లబోదిబోమంది. హరనాథ్ కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుండగానే, దసరా వారం కదా అని ఆవిడ ప్రతి ఎరకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేసింది.

"పెట్టెలో ఉన్న ఈ సీసాలో ఏదో కుళ్లిపోయిందండీ, పారబోశాను. ఖాళీ సీసా తిరిగివ్వకూడదుగా, ఆవకాయ ఊట పోశాను."

"మంచి పని చేశావ్" అన్నాడు హరనాథ్, నిజంగానే. సాయంత్రం పెట్టె తీసుకెళ్లి డోలన్ గారింట్లో ఇచ్చొచ్చాడు.

సోమవారం ఆఫీసులో ఈ ఘనకార్యం వినగానే పక్క సీటు శ్యామ్‌సుందర్ మొహం పాలిపోయింది.

"ఎంత పని చేశావయ్యా! చేపలొచ్చేదే ఆ కంపుకి. ఆ సీసాలోది వాటిని పిలిచే సెంటు. ఎరకి పూసి నీళ్లలో వేస్తారు."

"మరి క్లీన్ చేయమంటే?"

"తుప్పు వదిలించి, ఆరబెట్టి, వేటికవి సర్దమని. పూజ చేయమని కాదు!"

హరనాథ్‌కి ఇంటి అప్పు గుర్తొచ్చింది, ఏడుపొచ్చింది. సొరుగులోని సామాను అట్టపెట్టెలో సర్దుకుంటుండగానే డోలన్ నుంచి పిలుపొచ్చింది.

డోలన్ కుడి కన్ను మిరపపండులా ఉంది. ఆ సీసా ముట్టుకున్న చేత్తోనే నలుపుకున్నాడట.

"సారీ సార్, నాకు తెలియక..."

"కూర్చో. ఆరేళ్లుగా వైస్ ప్రెసిడెంట్‌తో లేక్‌కి వెళ్తున్నాను. ఎప్పుడూ నాకే ఎక్కువ పడేవి. ఆయన మొహం మాడ్చుకుని ఇంటికెళ్లి, మర్నాడు మన డిపార్ట్‌మెంట్‌లో ఒకరిని తీసేసేవాడు. నిన్న ఆయనకి తొమ్మిది చేపలు, నాకు సున్నా. ఒక్కటి దగ్గరికొచ్చి, చూసి, వెనక్కి తిరిగిపోయింది."

హరనాథ్ కుర్చీ అంచుకి జరిగాడు.

"ఆ సంబరంలో ఈ ఏడాది మన జోలికి రానని మాటిచ్చాడు. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. పెట్టె నువ్వే క్లీన్ చేయాలి, ఇలాగే."

ఆ కంపెనీలో చేరిన నాలుగేళ్లలో హరనాథ్ చేసిన పనిని మళ్లీ చేయమని ఒకరు అడగడం అదే మొదలు.