మధ్య బొమ్మలు

జపాన్ యానిమేషన్‌ను ప్రపంచమంతా నోరెళ్లబెట్టి చూస్తుంటే తమ శాఖ చేతులు ముడుచుకు కూర్చోదని సాంస్కృతిక మంత్రిగారు ప్రకటించారు. ఏడాది తిరిగేసరికి జపానే మన దగ్గర నేర్చుకుంటుందన్నారు. హీరోగా ఉండమని ఎవరూ అడగకముందే వినయంగా ఒప్పుకున్నారు.

కథ సిద్ధంగానే ఉంది: మంత్రిగారు ఏటి మీద వంతెన కట్టించుట. పెద్ద ఆర్టిస్టు రెండు బొమ్మలు గీశాడు. మొదటిది, పునాదిరాయి వేస్తున్న మంత్రిగారు. చివరిది, రిబ్బన్ కత్తిరిస్తున్న మంత్రిగారు. రెండింట్లోనూ కళ్లు చేటలంత. మధ్యలో కదలిక తెప్పించే వందల బొమ్మలు మాత్రం కాంట్రాక్టు ఆర్టిస్టు గీయాలి. సినిమా బాగుంటే ఆవిడ ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే.

ఆవిడ రోజూ ఆ ఏరు దాటే ఆఫీసుకొస్తుంది. అక్కడ వంతెన చూసిన గుర్తు లేదు.

"సార్, మధ్యలో ఏం జరిగిందో చెబితే గీస్తాను."

"మధ్యలోనా?" మంత్రిగారు పీఏ వైపు తిరిగారు. "ఏం జరిగిందయ్యా?"

"ఎన్నికలు జరిగాయి సార్."

"అవొద్దులే. చూడమ్మా, రాయి వేశాను. రిబ్బన్ కూడా కొనిపెట్టాం. మిగిలింది చిన్న పని, కానిచ్చెయ్."

ఆవిడ జపాన్ సినిమాలు మళ్లీ పెట్టుకుని చూసింది. వాటిలో వానొస్తే కథ కాసేపు ఆగి వాన చూస్తుంది. హీరో బోర్లాపడితే చీరుకుపోయిన మోకాలు కూడా గీస్తారు. ఏ దేశంవాళ్లయినా చూసి తమ మోకాలు తడుముకుంటారు. లేని వంతెన గీయడానికి ఆవిడకు చెయ్యి రాలేదు. చెప్పులు చేతబట్టుకుని నీళ్లలో నడిచే జనాన్ని గీసింది. పునాదిరాయి మీద కూర్చుని పాదాలు తుడుచుకునే ముసలమ్మను గీసింది. ఇది చూశాకైనా వంతెన కడతారేమోనని ఒక ఆశ, ఉద్యోగం ఊడుతుందని ఒక భయం.

మంత్రిగారు మొదటి బొమ్మ, చివరి బొమ్మ చూసి "అద్భుతం!" అన్నారు. మధ్యలో ఫోనొచ్చింది.

సినిమా విదేశాల్లో పెద్ద బహుమతి కొట్టేసింది. ఏరు దాటే దృశ్యానికి హాళ్లకు హాళ్లు కంటతడి పెట్టాయట. టూరిస్టులు బస్సుల్లో వచ్చి దిగారు. మంత్రిగారు ఏటి ఒడ్డునే సన్మానసభ పెట్టారు.

"ప్రపంచం మెచ్చిన ఈ నడకను వంతెన కట్టి పాడుచేస్తానా? ప్రాణం పోయినా చెయ్యను!" అని బల్ల గుద్ది చెప్పారు.

అదే వేదిక మీద ఆవిడకు పర్మనెంటు ఆర్డరు ఇచ్చారు. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి ఆనందబాష్పాలేనని పీఏ పత్రికలవాళ్లకు దగ్గరుండి రాయించాడు.

సభ ముగిసింది. ఆవిడ ఇల్లు అవతలి ఒడ్డున. ఆర్డరును ప్లాస్టిక్ కవర్లో చుట్టి నెత్తిన పెట్టుకుంది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నీళ్లలోకి దిగింది.

"కాస్త నిదానంగా నడవమ్మా," అన్నారు మంత్రిగారు వెనకనుంచి. "ఫొటోలు తీసుకుంటున్నారు."