బొట్టు పెడితేనే దిగే ఇనుము

రెండో నంబరు కొలిమిలో కరిగిన ఇనుము బొట్టు పెట్టి పిలిస్తే తప్ప బయటికి రానని భీష్మించుకుంది కాబట్టి, ఉక్కు కర్మాగారం వారు వెంటనే బొట్టు విభాగం తెరిచారు. ఇందులో ఇనుము తప్పేమీ లేదు. కొలిమి అడుగున ఇనుము, దాని మీద తేలుతూ మలినాల చిట్టెం పేరుకుంటాయి. దిగే దారిని మూసిన మట్టి బిరడాకు కన్నం వేస్తే రెండూ కాలువలోకి దిగాలి. ఆ రోజు కన్నం వేసినా ఒక్క బొట్టు కూడా దిగలేదు. ఫోర్‌మన్ సన్యాసినాయుడికి ఒళ్లు మండింది.

"ఏటి, నిన్ను బొట్టెట్టి పిలవాలేటి?" అని కన్నంలోకి అరిచాడు.

"పెట్టండి" అంది ఇనుము.

దించకపోతే లోపల మట్టం పెరిగి గాలి గొట్టాలు మునిగిపోతాయి, కొలిమి ఊపిరాడక చస్తుంది. కనుక ఆశ్చర్యపోయే తీరిక ఎవరికీ లేకపోయింది. భద్రతా విభాగం కుంకుమకు ఆమోదం తెలిపింది, పసుపు పరిశీలనలో ఉంది. సన్యాసినాయుడు తనే పెట్టబోతే ఇనుము సిగ్గుపడి ఇంకా లోపలికి జరిగింది. అధికారుల భార్యలు పట్టుచీరల మీద హెల్మెట్లు పెట్టుకుని వచ్చారు గానీ, ముందెవరు పిలవాలన్న సీనియారిటీ తగువు ఎంతకీ తేలలేదు. చివరికి కొలిమి దగ్గర ఊడ్చే కాంట్రాక్టు కూలీ దేముడమ్మను పట్టుకొచ్చారు. ఆమె పొడుగాటి చువ్వ చివర కుంకుమ అద్ది, కన్నం పక్కన బొట్టు పెట్టి, "ఇంటిల్లిపాదీ రాండి బావూ" అంది.

ఇనుము తుళ్లుతూ వచ్చింది. ఇంటిల్లిపాదీ అన్న మాట పట్టుకుని చిట్టెం కూడా వెనకే దిగింది. కాలువలో అడ్డుగోడ దగ్గర పంక్తులు వేరయ్యాయి. బరువైన ఇనుము గోడ కింద నుంచి దూరి పెద్ద బకెట్లలోకి, తేలికైన చిట్టెం పైపైనే పక్క కాలువలోకి వెళ్లిపోయాయి. ఎవరి మర్యాద వారికి జరిగింది. దేముడమ్మను బొట్టు ఆపరేటరుగా నియమించారు, తాత్కాలికంగా. కొలిమి పెళ్లివారిల్లులా కళకళలాడింది.

దేముడమ్మ భర్త అప్పలకొండ కూడా అక్కడే కాంట్రాక్టు కూలీ. త్వరలో పర్మనెంటు అవుతానని పెళ్లిచూపుల్లో చెప్పినవాడు, జుట్టు నెరిశాక కూడా చెబుతూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం కాలువ మీది పలక జారి, పారుతున్న ఇనుములో పడ్డాడు. మిగలడానికి ఏమీ మిగల్లేదు. దేముడమ్మ గుండె పగిలిపోయింది.

భర్త పోయిన మనిషి బొట్టు పెట్టి పిలవకూడదని ఆఫీసుకు అప్పుడు గుర్తొచ్చింది. ఇంకొకరిని వెతికేలోపు గాలి గొట్టాలు మునుగుతాయి. అందుచేత అప్పలకొండ పోలేదని తీర్మానించారు. అతను డ్యూటీలో ఉండగా ఇనుములో కలిశాడు. ఆ ఇనుము గేటు దాటలేదు. కాబట్టి అతను డ్యూటీలోనే ఉన్నాడు.

"ఒక్క పూట ఏడ్సుకుంటాను బావూ" అంది దేముడమ్మ.

"ఇక్కడ కుదర్దమ్మా. ఇనుం మీద నీటి సుక్క పడితే పేల్తాది" అన్నాడు సన్యాసినాయుడు. అతను కూడా నిబంధన ప్రకారం అవతలికి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాడు.

"పోనీ, నా మొగుడు సచ్చిపోనాడని ఒక్కసారి అనండి."

"అంటే నీ పని పోద్ది. ఇంటికాడ మీ అత్తకి కూడెవులు ఎడతారు?"

మర్నాడు ఆమె బోసి నుదుటితో వచ్చి పిలిచింది. ఇనుము వచ్చింది. ఎప్పుడూ తుళ్లేది, ఆ రోజు మెల్లగా, చప్పుడు చేయకుండా వచ్చింది.

"సూసారా బావూ, ఇనుముకి పట్టింపు నేదు."

"ఇనుముకి నేదమ్మా. ఆపీసుకుంది."

ఆఫీసు దాన్ని అనధికార ఇనుముగా ప్రకటించి, గడ్డకట్టించి, తిరిగి కొలిమిలో వేయించి, మళ్లీ సక్రమంగా పిలవమంది. దేముడమ్మకు కోపం ముంచుకొచ్చింది. ముసలి అత్త మొహం గుర్తొచ్చి, బొట్టు పెట్టుకుంది.

ఆఫీసు కూడా మనసు లేనిదేమీ కాదు. డ్యూటీ నుంచి క్షణం కదలని మనిషిని కాంట్రాక్టు కూలీ అనడం చెల్లదని న్యాయ సలహాదారు తేల్చాడు. అప్పలకొండను పర్మనెంటు చేశారు. పదవీ విరమణ వయసు అతనికి వర్తించదన్నారు. బస్తీకి ఆఫీసు వారే లడ్డూలు పంపారు. దేముడమ్మ పొడి కళ్లతో ఇల్లిల్లూ తిరిగి పంచింది.

పక్కింటి సూరమ్మ మొగుడు కూడా కొలిమి దగ్గర కాంట్రాక్టు కూలీయే. ఆమె లడ్డూ చిదిమి నోట్లో వేసుకుని, దేముడమ్మ బొట్టు వంక చూస్తూ నిట్టూర్చింది.

"అదురుష్టమంటే నీదే వదినా. మా ఓడింకా బతికే ఉన్నాడు."