తూకం రాయీ, ముంగిస పెరుగూ

ఒక పెద్ద అడవిలో ఇప్పపూలు రాలితే చాలు, పాత పోట్లాట లేచేది. ఆ ఏడూ అప్పటికే ముదిరిపోయింది.

"నేనేం తింటున్నానే నీకంటే ఎక్కువ?" అడవిపంది పోలమ్మ అరుస్తోంది.

"తినకుండానే వచ్చిందా వదినా ఆ నడుం?" అంది జింక నూకాలు, నమలడం ఆపకుండా.

పంచాయతీ రూలు అలాంటిది మరి. పూలు పంచేరోజు అందర్నీ కొమ్మ తక్కెడలో తూస్తారు. తూకం రాయి ప్రెసిడెంటు ఎలుగుబంటి బరువుకి సరిగ్గా పెట్టింది. అంతకంటే లావుంటే ఇంట్లో తిండి ఉన్నట్టే లెక్క, సగం వాటా. ముందు ప్రెసిడెంటే కూర్చోవాలి, అది ఆచారం.

సగం వాటాతో పోలమ్మకి కూనలకిచ్చే పాలు చాలవు. చిట్టచివరి కూన డొక్కలు అప్పటికే బయటపడ్డాయి.

ముంగిస డాక్టరు పోలమ్మ పొట్ట నొక్కి చూశాడు. "తప్పు నీ నోటిది కాదమ్మా. పేగుల్లో కంటికి కనపడని జీవాలుంటాయి. నూకాలు కడుపులోవి దుబారా మనుషులు. నీవి పిసినారులు, పరక కూడా పోనివ్వవు. నా పెరుగులో మంచివున్నాయి, తాగు. ఫీజు తర్వాత చూద్దాం."

పోలమ్మ తాగింది. ఇంకాస్త ఒళ్ళు చేసింది.

నిలదీద్దామని వెళ్తే, అదే కుండలోంచి దున్నపిల్లకి పోస్తున్నాడు. "తాగు నాన్నా, ఒళ్ళు వస్తుంది!"

"సన్నబడ్డానికీ అదే, బలవడానికీ అదేనా?"

"ఎవరి కడుపుని బట్టి వాళ్ళకమ్మా," అన్నాడు, తొణక్కుండా.

పోలమ్మ పంచాయతీలో పడి గోల చేసింది.

"విచారిస్తాం," అన్నాడు ఎలుగుబంటి. మెంబర్లంతా ఆ పెరుగు కుండ చుట్టూ కూర్చుని, పొద్దున ఓ ముంత, సాయంత్రం ఓ ముంత విచారించారు. తేనె కలుపుకుని మరీ విచారించారు.

పంపకం రోజు వచ్చింది. ఆచారం ప్రకారం ముందు ప్రెసిడెంటే తక్కెడలో కూర్చున్నాడు. తక్కెడ ధబ్బున నేలకి తగిలింది. రాయి గాల్లో వేలాడింది.

చివరి కూన కిసుక్కున నవ్వింది.

ఎలుగుబంటి గొంతు సవరించుకున్నాడు. "ఈ రాయి అరిగిపోయినట్టుంది. పెద్దది తెండి."

పెద్ద రాయి ముందు పోలమ్మ తేలిపోయింది. నిండు వాటా!

"చూశావా, సన్నబడ్డావు. నా ఫీజు?" అని ముంగిస చెయ్యి చాపాడు.

"ఒళ్ళు తగ్గాలంటే మనం తాగకూడదు డాక్టరుగారూ, తూకం రాయి పెట్టేవాడి చేత తాగించాలి," అని, పోలమ్మ ఏరి ఏరి ఆయన చేతిలో మూడు ఇప్పపూలు పెట్టింది; అందులో ఒకటి వాడిపోయింది.