కోనాం రెక్కముద్ర

వేట నిషేధం ముగిసే ముందురోజు సముద్రంలోని కోనాం చేపలన్నీ ఒడ్డునున్న పరిశోధన కేంద్రానికి వచ్చి, తాము బతికే ఉన్నామని రెక్కముద్ర వేసి వెళ్లడం ఏటా జరిగేదే. పింఛనుదారులు ఏటా వచ్చి వేలిముద్ర వేయడం లేదూ? ఇదీ అంతే. ముద్రలు దండిగా పడితే మర్నాడు పడవలు బయల్దేరతాయి. పడకపోతే నిషేధం పొడిగిస్తారు.

ఈ ఏడు ఒక్క చేపే వచ్చింది.

సైంటిస్టు సుభాషిణి దాన్ని వేలెడంత పిల్లగా ఉన్నప్పటి నుంచి ఎరుగును. కుర్చీలో కూర్చోబెట్టి, మగ్గుతో ఉప్పునీళ్లు పోస్తూ అడిగింది. "మిగతావాళ్లేరే?"

"నేరు మేడంగోరూ. నానొక్కదాన్నే మిగిల్నాను."

సుభాషిణి రిజిస్టరు తెరిచింది. 'ఒకటి' అని రాసిందో లేదో, డైరెక్టర్ సన్యాసిరావుగారు వచ్చి పక్కన నిలబడ్డారు. మంచి మనిషే, పాపం. పొద్దున్నుంచి మంత్రిగారి పేషీ ఫోన్లతో మొహం పీక్కుపోయి ఉంది.

"రేపు మంత్రిగారు జెండా ఊపి పడవలు పంపుతారమ్మా. షామియానా కూడా వేసేశారు. సముద్రం నిండా కోనాలున్నాయని రాయాలి."

"లేవు కదండీ."

"నాకు మాత్రం తెలీదా? సైన్సులో మేం వేలు పెట్టం, అంకె ఒక్కటీ మార్చండి చాలు అంటున్నారు. లేదంటే నిన్ను సముద్రమే లేని జిల్లాకు బదిలీ చేస్తారట. చిన్నపిల్లని చంకనేసుకుని ఎక్కడికని పోతావు?"

ఆయన వెళ్లాక సుభాషిణి కళ్లొత్తుకుంది. చేప చూస్తూ ఊరుకోలేకపోయింది.

"ఏడకండి మేడంగోరూ. ఇప్పుడే వొస్తాను," అని వెనక గుమ్మంలోంచి బయటికెళ్లి, ముందు గుమ్మంలోంచి మళ్లీ వచ్చి నిలబడింది. నిబంధనల్లో దీనికి అడ్డేమీ లేదు. వచ్చిన చేపను పేరడిగి ముద్ర వేయించుకోవాలి, అంతే.

"పేరు?"

"నూకాలండి. మా పెద్దప్ప."

ముద్ర పడింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. ఈసారి పైడితల్లి, చెల్లెలు. ఆ తర్వాత అమ్మ, మేనత్తలు, నిరుడు వలలో పోయిన స్నేహితురాళ్లు. ఒక్కొక్కరినీ తలచుకుంటూ పొద్దుగూకేదాకా తిరిగింది. రెక్కలు చీరుకుపోయాయి.

"ఇక చాలు, నా తల్లివి కదూ!" అని సుభాషిణి నీళ్లు పోస్తూ బతిమాలింది.

"ఈల్ల పేర్లు రాసీవోలు మరెవులున్నారండీ?" అంది చేప.

దీపాలు పెట్టే వేళకు లెక్క ప్రకారం సముద్రం నిండింది. సుభాషిణి చేపను చేతులమీద ఎత్తుకుని అలల దాకా తీసుకెళ్లింది.

"లోతుకు పోవే. రేపు ఒడ్డు దరిదాపులకు రాకు."

"లోతులోనూ వలలుంటాయి కదండీ," అంది అది నెమ్మదిగా.

మర్నాడు మంత్రిగారు జెండా ఊపారు. సాయంత్రానికి పడవలన్నీ కలిసి ఒక్క కోనాన్ని తెచ్చాయి. రెక్కలు చీరుకుపోయి ఉన్నాయి. దాన్ని తొలి విడతగా నమోదు చేసి, ఆనవాయితీ ప్రకారం ముక్కలు కోయించి సిబ్బంది ఇళ్లకు పంచారు.

సుభాషిణి వద్దనలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు. పులుసు పెట్టింది. ముల్లు తీసి, ఊది, మూడేళ్ల కూతురికి తినిపించింది. పిల్ల లొట్టలేసుకుంటూ తిని, ఇంకో ముక్క కావాలని పేచీ పెట్టింది.

"రేపు పెడతానమ్మా. సముద్రం నిండా ఉన్నాయి," అంది సుభాషిణి, పిల్ల మూతి తుడుస్తూ.