నిగ్రహ సంఘం అధ్యక్షురాలు

మా ఉన్నత పాఠశాలలో గత సెప్టెంబరు నెలలో నిగ్రహ సంఘం ఏర్పడిందనీ, దానికి నన్ను ఏకగ్రీవంగా అధ్యక్షురాలిని చేశారనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఏకగ్రీవం అంటే, వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నా అర్హత గురించి రెండు మాటలు. నేను పదో తరగతి. హాజరు పిలిస్తే పలకను, చెయ్యి ఎత్తుతాను. పాఠం అర్థం కాకపోయినా చెప్పను, కడుపు నొచ్చినా చెప్పను. మా సాంఘికశాస్త్రం సారు రాంచందర్ గారు దీన్ని నిగ్రహంగా గుర్తించారు. నోరు తెరవని పిల్ల తినదని ఆయన సిద్ధాంతం.

సంఘం ఆలోచన సారుకు కరీంనగర్‌లో జరిగిన మూడు రోజుల శిక్షణలో కలిగింది. ఇవాళ్టి చిన్న లాభం వదులుకొని రేపటి పెద్ద లాభం కోసం ఆగేవాళ్లే జీవితంలో పైకి వస్తారని అక్కడ చెప్పారట. ఆ మాట సారు మనసును ఎంతగా తాకిందంటే, రెండో రోజు మధ్యాహ్నం భోజనం కాగానే బస్సెక్కి వచ్చేశారు. మూడో రోజు ఏం చెప్పారో మాకు తెలియదు. సారుకూ తెలియదు.

ప్రయోగానికి బడి వెనక సీతాఫలం చెట్టును ఎంపిక చేశారు. దానికి ఇరవై ఏడు కాయలు. సీతాఫలం కాయ ముదిరి, తొక్క మీది గళ్లు విచ్చుకొని కళ్లు తెరిచేదాకా ఆగి, అప్పుడు కోసి బియ్యంలో పెడితే రెండు రోజుల్లో పండవుతుందని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలిసి కూడా అందరం పచ్చికాయనే కోసి, నిప్పుల్లో కాల్చి, నల్లబడ్డ తొక్క ఒలుచుకొని తింటాం. కొంచెం తీపి, బోలెడు పొగ, మిగిలినదంతా గింజలు. అయితే ఇవాళే తినొచ్చు.

ప్రార్థన సమయంలో సారు ఉపన్యసించారు.

"ఇయ్యాల కాల్చుకొని తిన్నోడు కాయకాడనే ఉంటడు! కండ్లు తెరిచేదాంక ఆగినోడు కలెక్టరైతడు! ముట్టనోళ్లకు తలా ఒక పండు. ముట్టినోళ్ల పేరు నిర్మల్ సైన్సు ప్రదర్శనకు పోదు. గంతే!"

ఆ చివరి మాట మా బడి మొత్తంలో ఒక్కరికే వర్తిస్తుంది. ప్రదర్శనకు తీసుకుపోదగిన వస్తువు చేసింది నా పక్కన కూర్చునే వందన ఒక్కతే. పత్తి ఏరేటప్పుడు పగిలిన కాయల మొనలు గుచ్చుకొని వాళ్ల అవ్వ వేళ్లు చీరుకుపోతాయి. వందన పాత సైకిల్ ట్యూబు కోసి పది వేలి తొడుగులు కుట్టింది. మొదటివి జారిపోయాయి, రెండోవి చెమటకు చిరిగిపోయాయి. ఎండాకాలం సెలవులన్నీ కూర్చొని మూడోసారి కుదిర్చింది. ఇంత ఓపిక ఉన్న పిల్ల ఉండగా సంఘానికి నేనెందుకు అధ్యక్షురాలినని మీరు అడగవచ్చు. వందన మాట్లాడుతుంది కదా.

సంఘం కార్యక్రమాలు చురుకుగా సాగాయి. మొదటి వారం ఏడో తరగతి వారు ఆరు కాయలను, ఎనిమిదో తరగతి వారు తినకముందే, తిన్నారు. ఎనిమిదో తరగతి వారు ఇది అన్యాయమని ఎనిమిది తిన్నారు. వంట చేసే శంకరవ్వ, పిల్లలు దొంగతనం నేర్చుకుంటున్నారని బాధపడి, మిగతావాటిలో మూడు కొంగులో వేసుకుపోయింది. కళ్లు తెరుచుకుంటున్నాయో లేదో పరిశీలించే నిమిత్తం సారు నాలుగు కోయించారు. పరిశీలనలో తెరుచుకోలేదని తేలింది.

నేను పదకొండు రోజులు ఆగాను. పన్నెండో రోజు, నేను తినకపోతే ఎవరో ఒకరు తింటారనీ, సంఘం ఆస్తి సంఘం చేతుల్లోనే ఉండటం మేలనీ తోచింది. మధ్యాహ్నం వంటపొయ్యిలో మిగిలిన నిప్పుల్లో ఒక కాయ కాల్చాను. అది బాగుండటంతో రెండోది కూడా కాల్చాను.

వందన వచ్చి నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"ఏందే అధ్యక్షురాలా, మీటింగు పొయ్యికాడ పెట్టినవా?"

నోరు నిండి ఉంది కాబట్టి నేను మాట్లాడలేదు. ఖాళీగా ఉన్నా మాట్లాడేదాన్ని కాను.

"మూతి తుడుసుకో. మసి అంటి మీసాలు మొలిసినయ్ నీకు. ఆ తొక్కలు ఇటియ్యి, గోడవతల పారేసొస్త. సారు ఇటే వస్తుండు."

తొక్కలు ఆమె చేతిలోకి వెళ్లాయి. సారు వచ్చి ఆ చేతినే చూశారు.

"దొరికినవ్ బిడ్డా! నీకోసమే చూస్తున్న! ఎన్ని తిన్నవ్?"

"నేను తినలే సార్."

"మరి ఎవలు తిన్నరు? తొక్కలు నడుసుకుంట నీ చేతిలకు వచ్చినయా?"

వందన నా వైపు చూసింది. చెప్పేయమని కాదు, నువ్వే చెప్తావు కదా అన్నట్టు. నాకు చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే సారు నావైపు తిరుగుతారు, అందరూ చూస్తారు, నా చెవులు వేడెక్కుతాయి. అనకపోతే ఇవేవీ జరగవు. తల దించుకున్నాను. వెంటనే ప్రాణం హాయిగా ఉంది.

ఇంటర్వెల్ అయ్యాక చెబుదామనుకున్నాను. ఇంటర్వెల్‌లో సారు చాయ్ తాగుతున్నారు. చాయ్ తాగేవారిని ఇబ్బంది పెట్టకూడదు. మర్నాడు సారు కోపంగా కనిపించారు, చెప్పలేదు. ఆ మర్నాడు నవ్వుతూ కనిపించారు, చెడగొట్టడం ఎందుకని చెప్పలేదు. వాయిదా వేసిన ప్రతిసారీ కొంత హాయి చేతికందేది. శుక్రవారం నిర్మల్‌కు పేరు పంపించారు. ఆ పేరు నాది.

"వస్తువు బడిది. పోయేటోళ్లకు క్రమశిక్షణ ఉండాలె" అని సారు వేలి తొడుగులు నా చేతిలో పెట్టారు. సారు ముందు ఒక్క నిమిషం మాట్లాడే కష్టం తప్పించుకున్నందుకు, నిర్మల్‌లో రెండు రోజుల పాటు వందలమంది కొత్తవాళ్ల ముందు నిలబడే భాగ్యం నాకు దక్కింది. లాభనష్టాలు బేరీజు వేయడంలో నాకున్న తెలివిని మీరు గమనించే ఉంటారు.

ప్రదర్శనలో న్యాయనిర్ణేత సరళాదేవి గారు తొడుగులు తొడుక్కొని చూసి, చాలా మెచ్చుకొని, "ఇవి నువ్వే చేసినవా తల్లీ?" అని అడిగారు. 'కాదు' అనాలంటే నోరు తెరవాలి. 'అవును' అనడానికి మెడ చాలు.

"చూసిండ్రా, ఎంత అణకువ! ఈ కాలం పిల్లలు గోరంత చేసి కొండంత చెప్తరు. ఈ బిడ్డ చూడుండ్రి, ఒక్క మాట మాట్లాడుతలేదు" అని ఆమె మైకులో చెప్పారు. చప్పట్లు మోగాయి. నాకు ఒక కొయ్య జింక బొమ్మ, ప్రశంసాపత్రం ఇచ్చారు. తొడుగులను అందరూ చూసి నేర్చుకోవాలని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఊరికి వచ్చిన మర్నాడు వందన బడి గేటు దగ్గర ఆపింది. తిట్టలేదు.

"బొమ్మ నువ్వే ఉంచుకో. తొడుగులు ఇటియ్యే. సోమారం సంది మా అవ్వ పత్తికి పోతది."

"వాళ్లే పెట్టుకున్నరు" అన్నాను. ఆ నెల మొత్తంలో నేను నా అంతట నేను చెప్పిన నిజం అదే.

"పదీనా?"

తల ఊపాను. వందన వెళ్లిపోయింది. ఇప్పుడు క్లాసులో ముందు బెంచీలో కూర్చుంటోంది. చెట్టున మిగిలిన నాలుగూ ఎవరు తిన్నారో తెలియదు; ఇరవై ఏడు కాయల్లో ఒక్కటీ కళ్లు తెరవలేదు. సంఘం విజయవంతమైందని సారు పైకి నివేదిక పంపారు.

జరిగిందంతా ఆ వారమే డైరీలో రాసుకున్నాను, ఒక్క అబద్ధం లేకుండా. రాయగానే మనసు దూదిలా తేలికైంది. తేలికయ్యాక, సారుకు చెప్పవలసిన తొందర కనిపించలేదు. అది మళ్లీ బరువెక్కడం మొదలుపెట్టేసరికి ఇది రాసి మీ ముందు పెట్టాను. 'పాపం, చిన్నపిల్లైనా తప్పు ఒప్పుకుంది' అని మీరనుకుంటున్నారు. మీకూ హాయిగా ఉంది, నాకూ హాయిగా ఉంది.

వందన వాళ్లిల్లు మా ఇంటి నుంచి నాలుగో ఇల్లు. వాళ్ల అవ్వ సాయంత్రం పత్తి చేను నుంచి వచ్చి, అరుగు మీద కూర్చొని వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటుంది. మా వాకిట్లోంచి కనిపిస్తుంది.