సొల్యూషన్ ప్రసాద్ ఇంట్లో గ్లోబల్ జోన్

హనుమాన్‌ప్రసాద్‌ని తెనాలిలో అందరూ సొల్యూషన్ ప్రసాద్ అనేవారు. ఫ్యాను తిరక్కపోయినా, పెళ్ళి కుదరకపోయినా ఆయన దగ్గర ఒక సొల్యూషన్ ఉండేది. ఫ్యాను తిప్పించడం, పెళ్ళి కుదర్చడం మాత్రం ఆ తర్వాత ఇంకెవరో చూసుకోవాల్సి వచ్చేది.

బాపట్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చూసుకోవడం ఆయన ఉద్యోగం. 2006లో ఆ కాలేజీవాళ్ళు పెద్ద సర్వర్ ఒకటి కొన్నారు. పరీక్షలకి ఒకటి, లైబ్రరీకి ఒకటి, ఫీజులకి ఒకటి మొత్తం మూడు కావాలని ప్రసాద్ అడిగితే, ఒక్కదాంతో సరిపెట్టుకోమన్నారు ప్రిన్సిపాల్ గారు. ప్రసాద్ పుస్తకాలు తిరగేసి ఆ ఒక్క మెషిన్‌లోనే మూడు జోన్లు చేశాడు.

జోన్ అంటే గదిలాంటిది. ఏ జోన్‌కి ఆ జోన్ తానే పూర్తి మెషిన్‌ననుకుంటుంది. పక్కన ఇంకోటి ఉన్న సంగతే దానికి తెలియదు. లైబ్రరీ జోన్ మూలనపడినా ఫీజుల జోన్ హాయిగా వసూలు చేసుకుంటూ ఉంటుంది. అన్నిటినీ చూడగలిగేది, అన్నిటికీ ఆధారమైనది గ్లోబల్ జోన్ ఒక్కటే. ఇదంతా చక్కగా పనిచేసింది. ఇది మనుషులకి కూడా పనికొస్తుందని ఆయనకి తోచడమే కొంప ముంచింది.

ఎందుకంటే అప్పుడే ఆయనకి కూతురు పుట్టింది. చూపించుకున్న ఆస్పత్రి తెనాలిలోనే కాబట్టి పురుడు కూడా పుట్టింట్లో కాక అక్కడే జరిగింది. మనవరాలిని చూడ్డానికి రేపల్లె బండిలో ఆయన తల్లి ఆండాళమ్మ దిగింది. బాపట్ల బండిలో అత్తగారు అనసూయ దిగింది. ఇద్దరూ ఒక్కో పేరు పట్టుకుని దిగారు.

ఆండాళమ్మకి తన తల్లి పేరు అలివేలుమంగ కావాలి. అనసూయకి తన తల్లి పేరు త్రిపురసుందరి కావాలి. ఇద్దరూ పట్టుదలలో ఒకరికొకరు తీసిపోరు. బారసాల నాటికి ఏ పేరు తేలినా ఇద్దరిలో ఒకరు అలిగి బండెక్కడం ఖాయం. ఆ అలక తీరేసరికి పాప పెళ్ళీడుకొస్తుందని ప్రసాద్ భయం.

అందుకని ఇంటిని జోన్లు చేశాడు. ముందు గది తల్లికి, వెనక గది అత్తగారికి ఇచ్చాడు. తల్లిని పక్కకి పిలిచి, పేరు నువ్వన్నదే ఖాయం, అత్తయ్యగారి చెవిన మాత్రం పడనీయకు, నొచ్చుకుంటారు అన్నాడు. అత్తగారిని పక్కకి పిలిచి అదే మాట మర్యాద కలిపి చెప్పాడు. ఇద్దరూ పొంగిపోయారు.

రెండు రోజులు ఇల్లు స్వర్గంలా ఉంది. మూడో రోజునుంచి ఆయనకి దగ్గు పట్టుకుంది. ముందు గదిలో తల్లి పాపని ‘అలివేలూ’ అనగానే వెనక గదిలోకి వినపడకుండా దగ్గాలి. వెనక గదిలో అత్తగారు ‘త్రిపురా’ అనగానే ముందు గదిలో టీవీ సౌండు పెంచాలి. పాప ఏ పేరుకీ పలక్కుండా నిద్రపోయేది. ఆ ఇంట్లో బుద్ధిగా ఉన్నది అదొక్కతే.

ఆండాళమ్మ రేపల్లెలో పేరు చెక్కించిన వెండి ఉగ్గుగిన్నె తెప్పించి కొడుకు చేతిలో పెట్టింది. మర్నాడే అనసూయ బాపట్లనుంచి ఇంకో పేరు చెక్కిన ఉగ్గుగిన్నె తెప్పించి అల్లుడి చేతిలో పెట్టింది. రెంటినీ మానిటర్ వచ్చిన అట్టపెట్టెలో దాచాడు ప్రసాద్. సాయంత్రం ఆయన కాలేజీనుంచి వచ్చేసరికి ఆ రెండు గిన్నెలూ మంచం మీద పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. వాటి పక్కన భార్య సౌజన్య కూర్చుని ఉంది.

“ఏమండీ, మనకి పుట్టింది ఒక్క పిల్లేనా? ఆస్పత్రిలో ఇంకోదాన్ని మర్చిపోయి వచ్చామా?” అంది.

ఇంక దాచి లాభం లేదని ప్రసాద్ తలుపు దగ్గరగా వేసి జోన్ల సంగతంతా చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆయనకే ఉత్సాహం పుట్టింది. మీ అమ్మ ఒక జోన్, మా అమ్మ ఒక జోన్, ఒకరనుకున్న పేరు ఇంకొకరికి తెలియదు అన్నాడు.

“మరి అన్నీ కనపడేది ఒకటుందని చెప్పారే, అదెవరు?”

“గ్లోబల్ జోన్. అది నేనే.”

“ఓహో. మరి బారసాలనాడు బియ్యంలో ఏ పేరు రాస్తారు, గ్లోబల్ జోన్ గారూ?”

అప్పటికి ఏదో ఒక సొల్యూషన్ తట్టకపోదన్నాడు ఆయన. సౌజన్య గిన్నెలు చీరకొంగుతో తుడిచి పెట్టెలో సర్దేసింది. పెళ్ళాం ఇంత తేలిగ్గా ఊరుకుంటే అనుమానించాలని పెళ్ళయిన వాళ్ళందరికీ తెలుసు. ప్రసాద్ మాత్రం తన టెక్నాలజీ ఆవిడకి అర్థమైందనుకున్నాడు.

బారసాలకి ఇల్లు నిండింది. పళ్ళెంలో బియ్యం పోసి పురోహితుడు ముందుకి జరిపాడు. పాపని ఒళ్ళో పెట్టుకుని సౌజన్య పీట మీద కూర్చుంది. పక్క పీట మీద ప్రసాద్ ఉంగరం పట్టుకుని కూర్చున్నాడు. కుడివైపు తల్లి నవ్వుతోంది, ఎడమవైపు అత్తగారు నవ్వుతోంది. రాయబోయే పేరు ఒక్కటే. సొల్యూషన్ ఇంకా తట్టలేదు. చెమటకి ఉంగరం చేతిలోంచి జారిపోతోంది.

మెదడు హ్యాంగయింది. పెళ్ళాం వైపు వంగి, “నన్ను కాపాడవే” అన్నాడు మెల్లిగా.

“రాయండి, ఒక్కో అక్షరం చెప్తా. అ.”

ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. అ అంటే అలివేలుమంగే. భయంభయంగా అత్తగారి వైపు చూశాడు. ఆవిడ హాయిగా విసనకర్రతో విసురుకుంటోంది. ఉంగరంతో ‘అ’ రాశాడు.

“పు.”

అలివేలుమంగలో ‘పు’ ఎక్కడుంది? ఈసారి తల్లి వైపు చూశాడు. “రాయరా, మంచి గడియ దాటిపోతోంది” అంది ఆండాళమ్మ.

తర్వాత ‘రూ’ వచ్చింది. ఆ తర్వాత ‘ప’ వచ్చింది. రాసి కూడబలుక్కుని చదివితే అపురూప అయింది. తన కూతురి పేరు ప్రసాద్‌కి అలా తెలిసింది. ఒక్క క్షణం భయమంతా పోయి కడుపు నిండిపోయింది ఆయనకి. పాప పిడికిట్లో వేలు పెట్టి ఆ పేరు ఇంకోసారి పలికాడు. కళ్ళు చెమర్చాయి.

ఆ తర్వాతే అనుమానం వచ్చింది. మరి వీళ్ళిద్దరూ అలగరేం?

“ముందు గది ఒకరికి, వెనక గది ఒకరికి ఇచ్చారు, బానే ఉంది. వంటిల్లు ఎవరికిచ్చారండీ?” అంది సౌజన్య చెవిలో. “పొయ్యి ఒక్కటే కదా. రోజూ పొద్దున్న అక్కడే ముగ్గురం కాఫీ తాగుతున్నాం. గిన్నెలు దొరికిన మర్నాడే ఇద్దరికీ మీ జోన్ల సంగతి చెప్పేశాను. నవ్వీ నవ్వీ ఇద్దరూ తమ పేర్లు వదులుకున్నారు. కలిసి ఈ పేరు అనుకున్నాం.”

“మరి నాకు చెప్పలేదేం?”

“వంటింట్లోకి మీరు ఎప్పుడొచ్చారు గనక? మీ గది మీది, పక్కన ఏం జరుగుతోందో మీకు తెలియదు. జోన్ అంటే అదేనన్నారుగా.”

వదినగారూ అంటే వదినగారూ అనుకుంటూ తల్లీ అత్తగారూ ఒకరికొకరు బొట్టు పెట్టుకుంటున్నారు. కనీసం బయటివాళ్ళ ముందైనా పరువు దక్కించుకుందామని ప్రసాద్ లేచి, పక్కింటి సాంబశివరావు గారికి మిఠాయి అందించి, మా అమ్మాయి పేరు అపురూప అండి, చాలా ఆలోచించి పెట్టాను అన్నాడు.

సాంబశివరావు గారు మిఠాయి నోట్లో వేసుకున్నారు.

“తెలుసయ్యా. పోయిన వారం మా ఆవిడ మీ వంటింట్లోనే వినొచ్చింది. నీకు చెప్పొద్దన్నారట, అందుకే ఊరుకున్నాను.”