గురువారం జీతాలు

ఆ గురువారం వెంకటనర్సయ్య తెల్లవారుజామున పూజ ముగించుకొని, నుదుట తిరునామం దిద్దుకొని, శామీర్‌పేటలో బస్సెక్కేసరికి ఆనాటి కార్యక్రమమంతా ఆయన మనసులో గణాలు కుదిరిన పద్యంలా సిద్ధమై ఉంది. పదింటికి మేడ్చల్ ఆసుపత్రిలో తాత్కాలిక సిబ్బందికి మొట్టమొదటి వారపు జీతం పంచాలి. తరువాత ఫైళ్లు సర్దుకోవాలి. మధ్యాహ్నం పెరుగన్నం ఆరగించి, పట్నం వెళ్లిన డాక్టరుగారు తిరిగివచ్చేలోగా తన మేనేజరు కుర్చీలోనే ఒక చిన్న కునుకు తీయాలి. పద్యంలో ఎక్కడా యతిభంగం కనబడలేదు.

ఆ ఆసుపత్రి చిన్నదే. నర్సు తప్ప ఆయాలూ, వార్డుబాయిలూ, గేటు దగ్గరి కాపలావాడూ అందరూ తాత్కాలికులే. వారికి ఇన్నాళ్లూ నెల జీతమే ముట్టేది. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వారం వారం చేతిలో పెట్టడం మొదలుపెట్టాక ఒక్కొక్కరే అటు జారుకోసాగారు. చివరకు ఆయాలకు పెద్దదిక్కైన దుర్గాబాయి కొంగు బిగించి మేనేజరు ముందు నిలబడింది.

"సార్, నెల నడుమకొచ్చేసరికి ఉప్పు గూడ ఉద్దెరే. దుకాణపోడు నన్ను జూస్తనే తలుపు దగ్గరికేస్తుండు. వారం వారం ఇయ్యిండ్రి. లేకుంటే మేమందరం గా బిస్కెట్ల కంపెనీకి పోతం. ఆడ ఇరిగిన బిస్కెట్లు గూడ ఇస్తరంట."

వెంకటనర్సయ్య ఆ విన్నపాన్ని డాక్టర్ రాఘవేందర్ చెవిన వేశాడు. డాక్టరు నొసలు చిట్లించాడు.

"చేతిల పైసలు పడ్డనాడు వీళ్లు డ్యూటీల ఉండరు నర్సయ్యగారూ. నెలకొక్కసారి ఎగ్గొట్టేది ఇగ వారానికోసారి ఎగ్గొడ్తరు."

"ఎగ్గొట్టరు సార్. నాది పూచీ."

"సరే, మీ మొఖం జూసి ఇస్తున్న. ఒక్కనాడు దవాఖాన ఖాళీ అయిందంటే, ఆనాడే వారం జీతం బంద్. మల్ల మీరు గూడ నన్ను అడగొద్దు."

ఇక వారంలో ఏ రోజు పంచాలన్నది తేలాలి. వెంకటనర్సయ్య దానిని వివాహ ముహూర్తమంత శ్రద్ధగా విచారించాడు. ఆదివారం బ్యాంకు తెరవరు. సోమవారం డాక్టరుగారికి ఆపరేషన్లు. మంగళవారం రొక్కం చెయ్యి దాటరాదు. బుధవారం డాక్టరుగారి తండ్రి కాలంచేసిన రోజు, ఆ కుటుంబంలో కొత్త పనికి పనికిరాదు. శుక్రవారం లక్ష్మీదేవిని గడప దాటించడం మహాపాతకం. శనివారం ఇనుప బీరువా తలుపు తీయడమే తప్పు. గురువారం మాత్రం గురుబలంతో నిష్కళంకంగా నిలిచింది. ఇన్ని విచారించిన ఆ మహానుభావుడు ఒక్కటి మాత్రం విచారించలేదు. మేడ్చల్‌లో వారానికొకసారి కూడే అంగడి గురువారమే. ఇంట్లో కూరగాయల భారమంతా ఇల్లాలు మనోరమది కావడంతో, వంకాయ విస్తట్లోకి వచ్చిన తరువాతే తప్ప అంతకు ముందటి దాని చరిత్ర ఆయనకు తెలియదు.

పదింటికి పంపకం దివ్యంగా జరిగింది. పదింబావుకు దుర్గాబాయి వచ్చింది.

"సార్, అంగడికి ఇట్ల వోయి అట్ల వస్త. ముందుగాల దుకాణపోని బాకీ వాని మొఖాన గొట్టి, నాలుగు కూరగాయలు తెచ్చుకుంట. శంకరయ్య ఉండనే ఉన్నడు."

ఆమె ముఖంలోని వెలుగు చూసి ఆయన కాదనలేకపోయాడు. ఆమె గేటు దాటిందో లేదో వార్డుబాయి శంకరయ్య చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"బిడ్డకు చెప్పులు కొనాలె సార్. జల్దీ వస్త. గేటు కాడ కుర్మయ్య ఉన్నడు గద."

అతని వెనకనే కాపలా కుర్మయ్య వచ్చాడు.

"సార్, ఒక మేకపిల్లను జూసిపెట్టిన. ఆలస్యమైతే ఎవడన్న కొట్టుకపోతడు. దుర్గక్క ఈపాటికి వచ్చే ఉంటది."

ఇట్ల పోయి అట్ల వస్తానన్న మాటను అక్షరసత్యంగా నమ్మిన వెంకటనర్సయ్య తల ఊపాడు. గేటు దగ్గర అడ్డుకునేవాడే లేకపోయాక, తక్కినవారికి అడగవలసిన అవసరం కనబడలేదు.

కాసేపటికి ఆసుపత్రిలో ధ్యానానికి అనువైన నిశ్శబ్దం ఆవరించింది. వెంకటనర్సయ్య మొదట దానిని ఆస్వాదించాడు. తరువాత అనుమానించాడు. వార్డులోకి పరుగెత్తి చూస్తే నర్సు స్రవంతి ఒక్కతే నడుమ నిలబడి ఉంది.

"సార్, సూదులు, సెలైన్లు నేను జూసుకుంట. ఊడ్చుడు, తుడ్సుడు, బండి నూకుడు ఎవరు జేస్తరు?"

ఆయన చీపురు వెతుక్కుంటూ ఉండగానే వాకిట్లో జీపు ఆగింది. దిగినవాడు జోగారావు, రోడ్డవతలి మందుల కంపెనీ అధికారి. ఈ ఆసుపత్రి ఆయనకు నచ్చితే ఆ కంపెనీ కార్మికులందరి వైద్యం ఇక్కడికే వస్తుంది. డాక్టరుగారు ఆర్నెల్లుగా దేవుడి కోసం చూసినట్టు చూస్తున్న మనిషి.

"రేపు వస్తామన్నారు కదండీ!" అన్నాడు వెంకటనర్సయ్య ఎదురెళ్లి.

"రేపు అమావాస్యండీ. అమావాస్యనాడు ఆసుపత్రి గడప తొక్కకూడదని మా ఇంట్లో పట్టు. అందుకే ఇవాళే వచ్చేశాను."

వెంకటనర్సయ్యకు ఆ పట్టు న్యాయంగానే తోచింది. తానైనా అదే చేసి ఉండేవాడు. జోగారావును గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఒక్క నిమిషమని చెప్పి మళ్లీ వార్డులోకి ఉరికాడు.

కిటికీ పక్క మంచం మీద లక్ష్మీకాంతమ్మ ఉంది. బౌరంపేట్ పెద్దింటి అవ్వ, కాలు బెణికి చేరింది. ఆమె చుట్టూ ఎప్పటిలాగే కొడుకు జనార్ధన్, కోడళ్లు, ఆడబిడ్డలు, మరుదులు, టిఫిను డబ్బాలతో ఒక చిన్న పెళ్లి విడిదిలా కొలువుదీరి ఉన్నారు. వెంకటనర్సయ్య వారి ముందు చేతులు జోడించాడు.

"పొద్దుగాల మంది ఎక్కువైండ్రని మమ్ముల ఎల్లగొడ్తివి, గిప్పుడు దండం బెడ్తున్నవ్. ఏందయ్యా నీ పరేషాన్?" అంది అవ్వ.

ఆయన దాచకుండా చెప్పాడు. ఖాళీ ఆసుపత్రిని చూసి జోగారావు వెనుదిరిగితే, సంగతి డాక్టరుకు తెలిసి వారం జీతం పోతుంది. వారం జీతం పోతే దుర్గాబాయీ పోతుంది.

"దుర్గ పోతదా! ఆమె లేపినట్టు నా కాలు ఎవలు లేపుతరు?" అవ్వ దిండు మీద నుంచి లేచి కూర్చుంది. "ఓ జనార్ధన్! గా బండి వట్టు."

"నేనా? అమ్మా, నేను వచ్చేసారి సర్పంచ్‌కు నిలబడేటోన్ని!"

"నిలబడుడు తర్వాత. ముందుగాల నూకు."

జోగారావు నీళ్లు తాగి వార్డులోకి వచ్చేసరికి ఆ విడిది కార్యరంగమైంది. పెద్దకోడలు పట్టుచీర కుచ్చిళ్లు దోపుకొని నేల తుడుస్తోంది. చిన్నకోడలు పక్క మంచం ముసలాయనకు గంజి తాగిస్తోంది. తెల్లటి ఖద్దరు చొక్కా, మెడలో వేలెడు మందం గొలుసుతో జనార్ధన్ చక్రాల బండి మీద తల్లిని తిప్పుతున్నాడు.

"ఏమండీ, మీ ఆయా మెళ్లో నాలుగు పేటల హారం ఉంది!" అన్నాడు జోగారావు కళ్లు పెద్దవి చేసి.

వెంకటనర్సయ్య పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదు. ఇప్పుడూ ఆడలేదు. "మా దగ్గర ఈ వారం నుంచి వారం జీతమండీ" అన్నాడు. అది నిజమే.

జోగారావు జనార్ధన్ భుజం తట్టాడు. "శభాష్! నీకెంత ఇస్తున్నారోయ్?"

"నాకు జీతమా? పోయిన నెల రెండు వెంచర్లు అమ్మిన నేను!"

అవ్వ చేతికర్రతో కొడుకు మోకాలి మీద ఒకటి తగిలించింది. "నోరు ముయ్యి. మూల తిరిగేకాడ మెల్లగ నూకు."

"డ్యూటీ దిగాక స్థలాల వ్యాపారం కూడానా! ఎంత కష్టజీవి! పైగా రోగిని అమ్మా అంటున్నాడు!" అని జోగారావు కరిగిపోయాడు.

సరిగ్గా అప్పుడే అసలు సిబ్బంది తిరిగొచ్చారు. దుర్గాబాయి నెత్తిన గంప, శంకరయ్య చేతిలో చెప్పుల జత, కుర్మయ్య చంకలో మేకపిల్ల. ద్వారం దగ్గర జోగారావే చేతులు చాచి అడ్డం నిలిచాడు.

"ఆగండాగండి! చూడ్డానికి వచ్చేవాళ్లు సాయంత్రం రావాలి. ఆ మేక ఎవరిని చూడ్డానికి వచ్చింది?"

"మేము గీడ పనిజేసెటోళ్లం సార్!" అన్నాడు కుర్మయ్య.

"అందరూ అదే చెబుతారు."

"పోండ్రి పోండ్రి, డ్యూటీ నడుస్తున్నది!" అని లోపలి నుంచి జనార్ధన్ గద్దించాడు. అతనికి ఉద్యోగం రుచించడం మొదలైంది.

దుర్గాబాయి గంప దించి లోపలికి తొంగిచూసింది. తన చీపురు మరొకరి చేతిలో కనబడగానే ఆమె ముఖం వాడిపోయింది. "ఏంది సార్, గంటసేపట్లనే మా నౌకరీలు వేరేటోళ్లకిచ్చిండ్రా? వారం జీతం అడుగుడు గింత తప్పైందా?"

వెంకటనర్సయ్య కనుబొమలతో ఏదో చెప్పబోయాడు. అవి ఆ భాష నేర్చినవి కావు. అంతలో డాక్టరుగారి కారు లోపలికి వచ్చింది.

రాఘవేందర్ కారు దిగి బయట నిలబడ్డ సిబ్బందిని చూశాడు, గంపను చూశాడు, మేకను చూశాడు. ఆయన ముఖం కందగడ్డైంది.

"నర్సయ్యగారూ! ఏమన్న నేను ఆనాడు?"

నిజం చెప్పి తల వంచుకోవడానికి వెంకటనర్సయ్య నోరు తెరిచాడు. ఆ నోట మాట రాకముందే జోగారావు వచ్చి డాక్టరు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"డాక్టరుగారూ, మా ఫ్యాక్టరీలో గురువారం వచ్చిందంటే సగం మంది అంగడిలో ఉంటారు. మీ దగ్గర మంచానికి ముగ్గురేసి ఉన్నారు! అదీ ఎంత ప్రేమగా! వారం జీతం మహిమట కదా. ఎవరిదండీ ఈ ఆలోచన?"

డాక్టరు లోపల బండి తోస్తున్న కాబోయే సర్పంచ్‌ను చూశాడు. జోగారావు జేబులోంచి బయటికి వస్తున్న ఒప్పంద పత్రాన్ని చూశాడు.

"నాదేనండీ" అన్నాడు.

"సంతకం ఇప్పుడే పెడతాను. షరతు ఒక్కటే. వారం జీతం మానకూడదు, గురువారం మార్చకూడదు. ప్రతి గురువారం మా సూపర్‌వైజర్లను కొందరిని పంపుతాను, చూసి నేర్చుకుంటారు."

జీపు వెళ్లగానే మేకపిల్ల అందరికంటే ముందు తన అభిప్రాయం చెప్పింది. తరువాత డాక్టరు దుర్గాబాయి వైపు తిరిగి, "లోపలికి నడువుండ్రి. వారం జీతం పక్కా" అన్నాడు. ఆమె గంపలోంచి నవనవలాడే బెండకాయలు దోసెడు తీసి మేనేజరు చేతుల్లో పోసింది.

"ఎన్నడన్న కూరగాయలు కొన్నట్టు లేరు సార్ మీరు. వచ్చే గురువారం మాతోని రాండ్రి."

"వచ్చే గురువారమా!" అన్నాడు వెంకటనర్సయ్య ఉలిక్కిపడి, కిటికీ వైపు తిరిగి. "అవ్వా, నిన్ను ఇంటికి ఎప్పుడు పంపుతున్నరు?"

"బుధారం పొమ్మన్నడు డాక్టరు" అంది లక్ష్మీకాంతమ్మ, తనవాళ్లందరినీ ఒకసారి తృప్తిగా కలయజూసి.

ఆనాటి నుంచి ఆసుపత్రిలో చేరడానికి ఎవరొచ్చినా వెంకటనర్సయ్య రోగమేమిటని అడగడం మానేసి, వెంట ఎంతమంది వస్తారని అడగసాగాడు.